సాక్షుల వంశావళి: ఇంటర్నెట్ ఆధారముల పరిశీలనకు 1878 వెల్లంపల్లి బాప్తిస్మములు ఒక ఉదాహరణ

ఉపోద్ఘాతము

కొంతకాలము క్రితము ఒక విద్యార్థి వ్రాసిన పరిశోధన పత్రమును పరిశీలించే బాధ్యత మాకు వచ్చినది. ఒంగోలు ప్రాంతములో తెలుగు బాప్టిస్టు సంఘముల ఆరంభము ఆయన ఎన్నుకొన్న అంశము. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంఘటనను వివరిస్తూ, ఆయన ఐదు వెబ్‌సైట్లను ఆధారముగా చూపారు. మేము ఆ ఐదింటిని తెరచి చదివాము. ఐదు చోట్లా ఒకే మాట ఉన్నది: క్లౌ దొరగారు ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఐదు చోట్లా ఆ స్థలము పేరు "వేలుంపిల్లి".

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరి పేరు వెల్లంపల్లి. నేటి ప్రకాశం జిల్లా మద్దిపాడు మండలములోనిది. పాత ఇంగ్లీషు పుస్తకములలో ఆ పేరును విన్నవారు విన్నట్లు వ్రాసుకొన్నారు. ఆ స్పెల్లింగును ఎవరో తిరిగి తెలుగులోకి ఉన్నదున్నట్లు దింపారు. ఆ తరువాత ఒకరిని చూసి ఒకరు వ్రాసుకొంటూ పోయారు. విచారమేమిటంటే ఆ విద్యార్థి స్వగ్రామము వెల్లంపల్లికి ఎంతో దూరము కాదు. పిలిచి అడిగినప్పుడు, "అయ్యగారూ, అది మా వెల్లంపల్లేనని నాకు తట్టనే లేదండి" అని ఆయన నొచ్చుకొన్నారు.

తప్పు ఆయన ఒక్కరిదే అనలేము. ఎక్కడ వెదకాలో మేము చెప్పాము గాని, దొరికినదానిని ఎలా తూచాలో చెప్పలేదు. ఐదు ఆధారములు చూపితే రెండింటికంటె మేలని ఆయన అనుకొన్నారు. అలా అనుకొనేటట్లు బోధించినది మనమే. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే: ఇంటర్నెట్‌లో దొరికిన ఆధారమును తూచడానికి వేదాంత విద్యార్థికి కొత్త విద్య అవసరము లేదు. గ్రీకు నిబంధన తరగతిలో నేర్చుకొన్న ప్రతుల పరిశీలననే ఇక్కడ కూడ ఉపయోగించాలి. అలా ఉపయోగించకపోతే ఏమి పోగొట్టుకొంటామో వెల్లంపల్లి సంఘటనయే చూపిస్తుంది.

1. చేతిలో ఉన్న పనిముట్టు

ఒక విషయము స్థిరపడుటకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్నది ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములోని నియమము. ఆ ఇద్దరు విడివిడిగా చూసినవారై యుండాలన్నది ఆ నియమములోనే ఇమిడి ఉన్నది. ఒకరు చూసి, మిగిలిన నలుగురు ఆయన నోట విని చెబితే, న్యాయస్థానములో ఐదుగురు నిలబడినా సాక్ష్యము ఒక్కటే.

క్రొత్త నిబంధన వ్రాతప్రతులను పరిశీలించిన పండితులు ఈ సంగతిని ఒక పద్ధతిగా మలిచారు. పంతొమ్మిదవ శతాబ్దములో జర్మనీలో కార్ల్ లాఖ్‌మన్ వంటివారి కృషితో అది స్థిరపడినది. రెండు ప్రతులు సరియైన పాఠములో ఏకీభవిస్తే దానివలన వాటి బంధుత్వము తెలియదు, ఎందుకంటే సరియైనది ఎక్కడైనా ఉండవచ్చును. అయితే ఒకే విచిత్రమైన తప్పు రెండింటిలోను కనబడితే, అవి ఒకే మూలము నుండి వచ్చినవై ఉండాలి, లేదా ఒకదానిని చూసి మరొకటి వ్రాసినదై ఉండాలి. తప్పు ఆ వంశపు పుట్టుమచ్చ వంటిది. అందువలన ప్రతులను లెక్కపెట్టరాదు, కుటుంబములుగా విభజించి తూచవలెనని మనము తరగతిలో చెబుతాము.

దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ మొదటి యోహాను పత్రిక 5వ అధ్యాయములోని ముగ్గురు పరలోక సాక్షులను గూర్చిన వాక్యము. ఎరాస్మస్ 1516లోను, 1519లోను ప్రచురించిన గ్రీకు నిబంధనలలో అది లేదు. ఆయన చూసిన గ్రీకు ప్రతులలో అది లేకపోవడమే అందుకు కారణము. తరువాత ఆ వాక్యము గల గ్రీకు ప్రతి ఒకటి బయటకు వచ్చినది. నేడు డబ్లిన్ నగరములో ఉన్న ఆ ప్రతి పదహారవ శతాబ్దమునకు చెందినది. 1522లో వెలువడిన మూడవ ముద్రణలో ఎరాస్మస్ ఆ వాక్యమును చేర్చారు. లాటిన్ ప్రతులలో ఆ వాక్యము విస్తారముగా ఉన్నది. సంఖ్య చూస్తే దానికి బలము కొరవ లేదు. వంశము విచారిస్తే మాత్రము ఆ బలము నిలువలేదు.

"వేలుంపిల్లి" అనేది అటువంటి పుట్టుమచ్చయే. అది కనబడగానే ఐదు వెబ్‌సైట్లు ఒక్క సాక్షి అయినవి. ఇంగ్లీషు వెబ్‌సైట్ల విషయములో కూడ ఇదే విధముగా చూడవచ్చును. ఒకే వాక్యము, ఒకే వరుసలో విశేషణములు, ఒకే తేదీ పొరపాటు ఎక్కడెక్కడ కనబడుతున్నవో గుర్తించితే చాలు.

2. ఒక పాపిరస్ ముక్క చెప్పిన పాఠము

ఈ పద్ధతి ఇంటర్నెట్ యుగములో ఎంత శక్తిగలదో ఇటీవలి చరిత్ర నుండి చూద్దాము. 2012 సెప్టెంబరు 18న రోము నగరములో జరిగిన కాప్టిక్ అధ్యయనముల మహాసభలో హార్వర్డ్ డివినిటీ స్కూలు ఆచార్యురాలు కారెన్ కింగ్ ఒక పాపిరస్ ముక్కను గూర్చి ప్రసంగించారు. అది సుమారు ఎనిమిది సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గలది. అందులో యేసు తన భార్యను ప్రస్తావించినట్లు కనబడే కాప్టిక్ మాటలున్నవి. యేసు వివాహితుడని ఇది రుజువు చేయదని ఆమె మొదటినుండి చెప్పారు. అయినను వార్త ప్రపంచమంతట వ్యాపించినది.

అనుమానములు కొద్దిరోజులలోనే మొదలైనవి. డర్హమ్ విశ్వవిద్యాలయములోని ఫ్రాన్సిస్ వాట్సన్ ఆ ముక్కలోని మాటలు థోమా సువార్త అనే కాప్టిక్ గ్రంథము నుండి ఏరి కూర్చినట్లున్నవని చూపారు. ఆండ్రూ బెర్న్‌హార్డ్ మరొక అడుగు ముందుకు వేశారు. థోమా సువార్తకు కాప్టిక్ మాట క్రింద ఇంగ్లీషు మాట పేర్చిన పాఠమును ఒక ఔత్సాహికుడు ఇంటర్నెట్‌లో అందరికి అందుబాటులో ఉంచారు. 2002 నాటి ఆ ఫైలులో ఒకచోట ఒక అక్షరము పొరపాటున జారిపోయినది. కర్మపదమును సూచించే ఆ అక్షరము లేకపోతే కాప్టిక్ వ్యాకరణము కుదరదు. పురాతనమని చెప్పబడిన పాపిరస్ మీద కూడ సరిగ్గా అదే వాక్యములో అదే అక్షరము లేదు!

2014 ఏప్రిల్‌లో సిరా, పాపిరస్ పరీక్షల ఫలితములు హార్వర్డ్ థియోలాజికల్ రివ్యూలో వెలువడినవి. పాపిరస్ పాతదేనని అవి చెప్పినవి. పాత కాగితము మీద కొత్త వ్రాత వ్రాయవచ్చునన్న సంగతి మరచినవారికి అది పెద్ద రుజువుగా కనబడినది. అదే నెలలో క్రిస్టియన్ ఆస్క్‌ల్యాండ్ ఆ ముక్కతో పాటు అదే యజమాని వద్ద నుండి వచ్చిన యోహాను సువార్త ముక్కను పరిశీలించారు. రెండింటి దస్తూరి ఒక్కటే. ఆ యోహాను ముక్కలోని పంక్తులు 1924లో హెర్బర్ట్ థామ్సన్ ప్రచురించిన ఒక కాప్టిక్ ప్రతి పంక్తులు ఎక్కడ విరిగినవో అక్కడే, ఒక పంక్తి విడిచి ఒక పంక్తిగా విరిగినవి. ముద్రిత గ్రంథమును ఎదుట పెట్టుకొని వ్రాసినవాడు తప్ప మరొకరు అలా వ్రాయలేరు.

2016 జూన్‌లో ఆరియెల్ సబార్ అనే పత్రికా రచయిత ది అట్లాంటిక్ పత్రికలో ఆ ముక్క ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వచ్చినదో విచారించి వ్రాశారు. యజమాని చూపిన పత్రములు నిలువలేదు. దానిని చదివిన తరువాత ఆచార్య కింగ్ కూడ, సాక్ష్యము కూటరచన వైపే మొగ్గుచున్నదని ఒప్పుకొన్నారు.

ఈ వృత్తాంతములో మన విద్యార్థులు గమనించవలసినవి రెండున్నవి. మొదటిది, పెద్ద విశ్వవిద్యాలయము పేరు, పేరుగాంచిన పత్రిక, ప్రయోగశాల పరీక్ష - ఇవన్నీ ఉన్నా మొదట అడుగవలసిన ప్రశ్న అడుగనిచో ఆధారము నిలువదు. ఆ ప్రశ్న "ఇది ఏమి చెబుతున్నది?" అనేదానికంటె ముందుది. ఇది ఎక్కడ నుండి వచ్చినది? ఎవరి చేతుల మీదుగా వచ్చినది? రెండవది, మోసమునకు తోడ్పడిన ఇంటర్నెట్టే ఆ మోసమును బయటపెట్టుటకు కూడ తోడ్పడినది. ఆ ఫైలు అందరికి అందుబాటులో ఉండబట్టే జారిన అక్షరమును పోల్చి చూడగలిగారు. కనుక ఇంటర్నెట్‌ను నిషేధించడము మా ఉద్దేశము కాదు.

3. వెల్లంపల్లి సాక్షులు ఎవరు?

ఇప్పుడు గుండ్లకమ్మ ఒడ్డుకు వద్దాము. అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఇ. క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డారు. ఆ సంవత్సరమే తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడినది. 1876-78లో దక్షిణ భారతమును పీడించిన మహాక్షామములో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి పని కల్పించారు. క్షామకాలములో ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మములు నిలిపివేశారు. 1878 జూన్ నడుమ నుండి తిరిగి ప్రారంభమైనవి. వెల్లంపల్లి వద్ద జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తము మూడు దినములలో 3,536 మంది బాప్తిస్మము పొందారు.

ఈ వివరములు మనకు ఎవరి ద్వారా వచ్చినవి? మొదటి వరుసలో క్లౌ స్వయముగా అమెరికాకు వ్రాసిన ఉత్తరములు, నివేదికలు ఉన్నవి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ వారి మాసపత్రిక బాప్టిస్టు మిషనరీ మ్యాగజైన్ ఇటువంటివి ప్రచురించేది. ఇవి సంఘటనకు అతి సమీపమైనవి. అయితే చందాలిచ్చే అమెరికా సంఘములను ఉద్దేశించినవని మరువరాదు.

రెండవ వరుసలో డేవిడ్ డౌనీ వ్రాసిన తెలుగు మిషను చరిత్ర ఉన్నది. 1893లో వెలువడినది. డౌనీ అప్పటికి రెండు దశాబ్దములుగా నెల్లూరులో ఉన్నవారు, క్లౌ తోటి పనివారు. ఆయనకు అందుబాటులో ఉన్న కాగితములు మనకు లేవు. కాని తన మిషను చరిత్రను తానే వ్రాసుకొన్నవారి దృష్టి ఆయనది.

మూడవది, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథము. చెప్పులు కుట్టుకొంటూ చెప్పుకొన్న కథలన్న భావము దాని శీర్షికలోనే ఉన్నది. మాదిగ పెద్దలు చెప్పగా విని వ్రాసిన సంగతులు అందులో ఉన్నవి. పేరయ్య క్రైస్తవుడు కాకముందు యోగమార్గములో నడచినవాడన్న ముఖ్యమైన సమాచారము అక్కడ దొరుకుతుంది. రచయిత్రి 1878లో ఒంగోలులో లేరు. విన్నది ఇరువది ఏండ్ల తరువాత, వ్రాసినది ఇంగ్లీషులో.

నాల్గవది, క్లౌ ఆత్మకథగా ప్రసిద్ధమైన గ్రంథము. ఆయన 1910లో మరణించారు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా వ్రాసిన ఆ గ్రంథము 1914లో న్యూయార్కులో వెలువడినది. "నేను" అని చదివినప్పుడు అది ఒక వృద్ధుని జ్ఞాపకమని, మరొకరి కలము గుండా వచ్చినదని, ముప్పది ఆరు ఏండ్ల తరువాత అచ్చైనదని గుర్తుంచుకోవాలి. అందువలన అది పనికిరానిదని అర్థము కాదు. 1878 నాటి ఉత్తరముతో సమానముగా దానిని తూచరాదని మాత్రమే మా భావము.

ఈ నాలుగింటిని పోల్చి చూడకుండానే వెబ్‌సైట్ల మాట నమ్మినందువలన ఏమి పోయినది? బాప్తిస్మమిచ్చినవారు పోయారు. ఆనాడు నదిలో నిలబడి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు అభిషిక్త తెలుగు బోధకులని పాత గ్రంథములు స్పష్టముగా చెబుతున్నవి. ఒక్కొక్క వేళ ఇద్దరు చొప్పున, అలసినప్పుడు వంతులు మార్చుకొంటూ ఆ పని పూర్తి చేశారు. "క్లౌ దొరగారు 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు" అన్న చిన్న వాక్యము వారిని ఆ నీళ్ళలో నుండి లేపివేసినది. మిషనెరీలు తమ పుస్తకములలో వ్రాసి ఉంచిన తెలుగువారిని, తెలుగువారమైన మనమే మన వెబ్‌సైట్లలో తుడిచివేసుకొన్నాము! ఒక్క అక్షరము జారిపోతే పాపిరస్ పట్టుబడినది. ఆరుగురు మనుష్యులు జారిపోతే మనము గమనించలేదు.

4. రెండు ప్రచార వాక్యములు

ఈ సంఘటనను గూర్చి ఇంటర్నెట్‌లో తరచు కనబడే రెండు వాక్యములను తూచి చూద్దాము. ఒకటి మనవారు వ్రాసేది, ఒకటి మనలను విమర్శించేవారు వ్రాసేది. రెండింటిని ఒకే త్రాసులో వేయాలి.

మొదటిది: పెంతెకొస్తు దినము తరువాత ఒక్కరోజున ఇంతమంది బాప్తిస్మము పొందిన సందర్భము సంఘ చరిత్రలోనే లేదు. వినుటకు సంతోషముగా ఉంటుంది. కాని క్రీ.శ. 598లో రోము బిషప్పు మహా గ్రెగొరీ అలెగ్జాండ్రియా బిషప్పు యులోగియస్‌కు వ్రాసిన ఉత్తరములో, అంతకుముందు క్రిస్మసు పండుగ సమయమున ఇంగ్లండులో అగస్టీను పదివేల మందికి పైగా బాప్తిస్మమిచ్చినట్లు తెలిపారు. ఆ సంఖ్యను కూడ తూచవలసినదే, దూరమునుండి వచ్చిన కబురు ఆధారముగా గ్రెగొరీ వ్రాసినదే. అయినను ఆ ఉత్తరము ఉన్నంతవరకు "సంఘ చరిత్రలోనే లేదు" అని వ్రాయుటకు మనకు హక్కు లేదు. "మొట్టమొదటి", "అతి పెద్ద", "ఏకైక" అన్న మాటలు ఎక్కడ కనబడినా విద్యార్థి ఆగి, ఈ రచయిత తక్కినవన్నీ చూసే చెబుతున్నాడా అని అడగాలి.

రెండవది: కరవులో కూలికోసము, గంజికోసము మతము మారారు. ఈ వాక్యమునకు జవాబుగా మనవారు, క్షామకాలములో క్లౌ బాప్తిస్మములు నిలిపివేసిన సంగతి చూపుతారు. కాలక్రమమును చూస్తే ఆ జవాబులో బలమున్నది. కాలువ పని ముగిసి, సహాయము ఆగిపోయిన తరువాతనే పెద్ద సంఖ్యలో బాప్తిస్మములు జరిగినవి. అయితే అది క్లౌ తనను గూర్చి తాను చెప్పుకొన్న మాట. దానిని స్థిరపరచుటకు స్వతంత్ర సాక్షి కావాలి. ఏటేటా అచ్చైన మిషను వార్షిక గణాంకములు ఒక సాక్షి. ఎందుకంటే 1877 నాటి లెక్కను 1877 నాటి వివాదము లేనప్పుడే వ్రాశారు. క్షామమును గూర్చి విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన రెండు సంపుటముల గ్రంథము మరొకటి. మద్రాసు ప్రభుత్వ నివేదికలు, 1871, 1881 జనాభా లెక్కలు కూడ ఉన్నవి. ఇవి చూసిన విద్యార్థికి మరొక నిజము కూడ తెలుస్తుంది. క్షామమునకు ఆ ఉద్యమముతో సంబంధమే లేదనుట కూడ సరికాదు. కాలువ శిబిరములలోనే వందల పల్లెల ప్రజలు తెలుగు బోధకులతో నెలల తరబడి కలిసి పనిచేశారు, వారి మాట విన్నారు. క్లౌ గ్రంథమే ఈ సంగతిని దాచలేదు.

మనకు ఇష్టమైన వాక్యమును ఒక వెబ్‌సైటు చాలునని ఒప్పుకొని, ఇష్టము లేని వాక్యమునకు పది రుజువులు అడుగుట న్యాయము కాదు. పరిశోధకుని నిజాయితీ మొదటి వాక్యము దగ్గరనే తెలుస్తుంది.

5. వెదకుటలో కొన్ని మెలకువలు

పైన చెప్పిన పాత గ్రంథములు చాలవరకు నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పూర్తిగా చదువుకొనుటకు లభిస్తున్నవి. అమెరికాకు వెళ్ళి అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ కాగితములను చూడగలిగినవారు కొద్దిమందే. మారుమూల బైబిలు కళాశాలలో చదువుకొనే విద్యార్థి కూడ 1893 నాటి గ్రంథపు పుటలను నేడు తన గదిలో తెరచి చూడగలుగుట మా తరమువారు ఊహించని మేలు. ఆ మేలును అందుకొనుటకు కొన్ని మెలకువలు అవసరము.

ఒకటి, పాత పేర్లతో వెదకాలి. 1878లో ప్రకాశం జిల్లా లేదు. అది 1970లో ఏర్పడినది. ఆనాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది, మద్రాసు రాజధానిలోనిది. విజయవాడ ఆనాటి పుస్తకములలో బెజవాడ, మచిలీపట్నము మసూలిపటం, కాకినాడ కొకనాడ, విశాఖపట్నము వైజాగపటం. ఇంకా పాత కాలములో తెలుగునే గెంటూ అన్నారు. నేటి పేరు కొట్టి ఏమీ దొరకలేదని తిరిగి వచ్చినవారు ఎందరో. "వేలుంపిల్లి" స్పెల్లింగు కూడ వెదకునప్పుడు మిత్రుడే, వ్రాయునప్పుడు మాత్రమే శత్రువు.

రెండు, ముఖపత్రమును చూడాలి. వెబ్‌సైటులో చూపిన సంవత్సరము ఒక్కొక్కసారి స్కాను చేసిన సంవత్సరమో, పునర్ముద్రణ సంవత్సరమో అయి ఉంటుంది. యంత్రము అక్షరములను గుర్తించి ఇచ్చిన పాఠములో 3 కాస్త 8 అగుట, పేర్లు చెదరుట సామాన్యము. అంకె, తేదీ, పేరు ఉదహరించునప్పుడు స్కాను చేసిన అసలు పుటను కంటితో చూసి తీరాలి.

మూడు, తెలుగు గ్రంథములకు ఓపిక కావాలి. 2000 తరువాతి దశకములో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కేంద్రముగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకములను స్కాను చేసినది. వాటిలో అనేకము నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నవి. కాని వాటి పేర్లను రోమను లిపిలో ఒక పద్ధతి లేకుండ నమోదు చేశారు. ఒకే పేరును నాలుగైదు విధములుగా కొట్టి చూడాలి. పాత తెలుగు అచ్చును యంత్రము సరిగా చదవలేదు కనుక లోపలి మాటతో వెదికి దొరకలేదంటే ఆ మాట అందులో లేదని అర్థము కాదు. జేమ్స్ ఎలీషా తానేటి 2011లో ప్రచురించిన తెలుగు క్రైస్తవుల చరిత్ర గ్రంథసూచి వంటిది ముందు దగ్గర పెట్టుకొంటే ఏమి వెదకాలో తెలుస్తుంది.

నాలుగు, వికీపీడియాను గుమ్మముగా వాడుకోవాలి, గదిగా కాదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. దానిలోని వ్యాసము చివర చూపిన ఆధారములను తెరచి, అవి నిజముగా ఆ మాట చెబుతున్నవో లేదో చూడాలి. పత్రములో ఉదహరించవలసినది ఆ ఆధారమును.

ఐదు, ప్రశ్న అడిగితే వ్యాసమే వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ యంత్రములు ఇప్పుడు విద్యార్థుల చేతిలో ఉన్నవి. అవి లేని గ్రంథమును, లేని పుట సంఖ్యతో సహా, నమ్మకముగా చెప్పగలవు. 2023 జూన్‌లో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానములో ఇద్దరు న్యాయవాదులు అటువంటి యంత్రము కల్పించి ఇచ్చిన ఆరు తీర్పులను నిజమైనవిగా ఉదహరించినందుకు న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. వెబ్‌సైటుకు వంశావళి మరుగున పడి ఉంటుంది. ఈ యంత్రపు జవాబుకు ఒక్కొక్కసారి తండ్రియే ఉండడు. చెప్పిన గ్రంథమును తెరచి ఆ పుటను చూడనిదే ఒక్క మాట కూడ స్వీకరించరాదు.

ఆరు, చూసినదానిని భద్రపరచుకోవాలి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి జరిగి కొన్ని రోజులు అది ఎవరికి అందలేదు. చూసిన తేదీ, చిరునామా వ్రాసుకొని, ఉదహరించిన పుట ప్రతిని దాచుకొన్నవారి పని ఆగలేదు.

ముగింపు

చరిత్ర వ్రాయబూనిన లూకా, తనకు ముందు అనేకులు వ్రాసిరని ఎరిగియుండియు, మొదటినుండి అన్నిటిని తరచి పరిష్కారముగా తెలిసికొని వ్రాయుచున్నానని తన సువార్త ఆరంభములో తెలియజేశాడు. అనేకులు వ్రాశారన్న సంగతి ఆయనను శ్రమ నుండి తప్పించలేదు. మనకు అందిన వ్రాతలు ఆయనకు అందినవాటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అందుచేత తరచి చూడవలసిన శ్రమ కూడ అంత ఎక్కువ.

మా విద్యార్థి తన పత్రమును తిరిగి వ్రాశారు. ఐదు వెబ్‌సైట్లు పోయి, రెండు గ్రంథములు, ఒక మాసపత్రిక వచ్చినవి. సంఖ్య తగ్గినది, బలము పెరిగినది. "వేలుంపిల్లి" వెల్లంపల్లి అయినది. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పుటలో నదిలో నిలబడినవారు ఆరుగురు తెలుగు బోధకులని వ్రాశారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన వెల్లంపల్లి వెళ్ళి, ఆ బోధకులను గూర్చి వృద్ధులు తమ పెద్దలనుండి విన్నది ఏమైనా ఉన్నదా అని అడుగుట మొదలుపెట్టారు. వారు చెప్పినదానిని కూడ ఆయన తూచవలసియున్నది. తూచుట ఎలాగో ఇప్పుడు ఆయనకు తెలుసు.